బిడ్డకేమీ పెట్టలేదు

నాలుగో చెంబు వేణ్ణీళ్ళు పోసినా బిడ్డ ఏడవలేదు.

మునియక్క చెయ్యి ఆగిపోయింది. పీట మీద కూర్చుని, చాపిన కాళ్ళ మీద పడుకోబెట్టుకున్న పద్ధెనిమిది రోజుల పిల్లను ఆమె ఒకసారి బోర్లా తిప్పింది, మళ్ళీ వెల్లకిలా తిప్పింది. మద్రాసు చూలైలో ఆ వీధికీ పక్క వీధికీ ముప్పై ఏళ్ళుగా పసిబిడ్డలకు నీళ్ళు పోసేది ఆమే. ఆమె చేతిలో పడిన బిడ్డ ఏడిస్తే వీధి చివర జట్కా స్టాండు దాకా వినపడాలి. అట్లా వినపడకపోతే ఆమెకు పని చేసినట్టే ఉండదు.

"ఏమ్మా, ఒక తూరి ఈడికి రా" అని పిలిచింది.

బిడ్డ నాయనమ్మ కమలాంబ సాంబ్రాణి కుంపటి పట్టుకుని పెరట్లోకి వచ్చింది. "ఏమి?"

"బిడ్డ కన్ను తెరవడం లే."

"నిద్రలో ఉండాది. మా దామోదరం ఇంత ఉండేటప్పుడు ఇల్లు పీకి పందిరి వేసేవాడు. ఇది శాంతం. అయ్యమ్మను ఏడిపించకూడదని పుట్టింది." కమలాంబ మురిపెంగా మనవరాలి బుగ్గ మీద చుక్క నీళ్ళు తుడిచింది.

"శాంతం వేరే, ఇది వేరే. మూతి మీద నీళ్ళు పడితే యే బిడ్డైనా మూతి తిప్పాల గదా. ఇది తిప్పలే."

కమలాంబ మనవరాలి అరికాలి మీద వేలితో ఒక దెబ్బ కొట్టింది. బిడ్డ కాలు కొంచెం ముడుచుకుంది, అంతే. రెండో దెబ్బకు అదీ లేదు.

లోపల గదిలో నులకమంచం మీద కూర్చున్న కోకిల ఈ మాటలన్నీ విన్నది. తెల్లవారినప్పటి నుంచీ మూడుసార్లు పాలివ్వబోయింది. మూడుసార్లూ బిడ్డ నోరు తెరిచి, రెండు గుక్కలు తాగి, అట్లాగే జారిపోయింది. పాలు నిండి రొమ్ములు రాళ్ళయ్యాయి. రవిక తడిసి, దాని మీద వేసుకున్న గుడ్డా తడిసింది. నిన్న ఇట్లా లేదు. మొన్న ఇంకా నయం.

కోకిల నెల తప్పడం ఇది మూడోసారి. మొదటి రెండూ కానుపు దాకా రాలేదు. ఒకటి నాలుగో నెలలో పోయింది, ఒకటి ఆరో నెలలో. తల్లి లేని పిల్ల కాబట్టి పుట్టింటికి పంపమని అడిగేవాళ్ళు లేరు, అత్తే అన్నీ చేసింది. చేసిందంటే అట్లా ఇట్లా కాదు. ఈసారి మూడో నెలలో కోకిల మంచినీళ్ళు తాగినా కక్కుతుంటే, చేతులూ కాళ్ళూ పుల్లలైపోతుంటే, కమలాంబ మూడు పూటలూ తిండి మానేసి కోడలి పక్కన కూర్చుంది. చివరికి కొడుకు చేత తమ నాటుమందుల అంగడి నుంచి గంజాయి ఆకు తెప్పించింది. పాలల్లో ఉడికించి, ఏడు నీళ్ళు కడిగి, నేతిలో వేయించి, తాటిబెల్లం పాకంలో కలిపింది. అది తిన్న పూట కోకిల రెండు గరిటెల మజ్జిగన్నం తిని నిలుపుకుంది. ఆ బిడ్డ ఆ ఆకు వల్లే నిలిచిందని ఇంట్లో ముగ్గురూ నమ్మారు. నమ్మకపోవడానికి వాళ్ళకేమీ కారణం కనపడలేదు.

ఆ ఇంట్లో మూడు తరాలుగా ఒక మాట ఉంది. శుద్ధి చేసిన ఆకులో మత్తుండదు, మందే ఉంటుంది అని. దామోదరం తాత అంగడి పెట్టిన రోజు నుంచీ ఆ మాట అంటున్నారు. కోకిల కాపురానికొచ్చిన ఆరేళ్ళలో దాన్ని యాభైసార్లైనా విని ఉంటుంది.

బిడ్డ పుట్టాక పద్ధతి ప్రకారం తెల్లవారుజామునే, బాలింత ఎవరితోనూ మాట్లాడకముందే, అత్త తన చేత్తో నిమ్మకాయంత లేహ్యం ఉండ కోడలి నోట్లో పెట్టేది. నొప్పులు తగ్గుతాయని, నిద్ర పడుతుందని పదకొండు రోజులూ ఆకు కలిపిన జాడీలోంచే పెట్టింది. పురుడు వెళ్ళగానే మానేసి, ఆకు లేని శొంఠి లేహ్యం ఇంకో జాడీలో పోసి మొదలుపెట్టింది. పాత జాడీ మాత్రం గూట్లో అట్లాగే ఉండిపోయింది.

దాన్ని అక్కడ వదలడం కమలాంబ పొరపాటు. అందులో చెయ్యి పెట్టింది కోకిల.

ఆకు మానిన మొదటి రోజే కోకిల కంటి మీద కునుకు పట్టలేదు. బిడ్డ ఊపిరి తీస్తోందా లేదా అని చూస్తూ కూర్చుంది. గుండె మీద చెయ్యి పెట్టి చూసింది, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది, మళ్ళీ గుండె మీద చెయ్యి పెట్టింది. పోయిన ఇద్దరూ కళ్ళ ముందు తిరిగారు. మర్నాడు మధ్యాహ్నం అత్త అంగడికి అన్నం క్యారియరు పట్టుకుపోయినప్పుడు కుంకుడు గింజంత ముక్క తీసి నోట్లో వేసుకుంది. భయం తగ్గింది. లోకం కొంచెం దూరం జరిగింది, బిడ్డ మాత్రం దగ్గరగా ఉంది. ఆ మర్నాడు ఉసిరికాయంత తీసుకుంది. ఇప్పుడు వారమైంది.

ఇది తప్పని ఆమెకు తెలుసు. అత్తకు చెప్పకుండా తినడం తప్పు. అంతకు మించి ఏ తప్పూ ఆమెకు తోచలేదు. తాను తిన్నది తన కడుపులోకి పోతుంది, బిడ్డ తాగేది పాలు.

*

మునియక్క ఇంటికి పోతూ పోతూ అంగడి ముందు ఆగి దామోదరంతో ఏదో చెప్పింది. క్యారియరు పట్టుకుని కమలాంబ అక్కడికి చేరేసరికి దామోదరం చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. తల్లీ కొడుకులు ఒకరి వెనక ఒకరు ఇంటికొచ్చారు. అన్నం క్యారియరు మూత తియ్యకుండానే తిరిగొచ్చింది.

"లేడీ డాక్టరు దగ్గిరికి ఎత్తుకుపోతా" అన్నాడు దామోదరం.

"ఈ ఎండలోనా? రవ్వంత వసకొమ్ము అరగదీసి నాలిక మీద రాస్తే సరిపోతాది."

"అంగడి నడిపేది నేనమ్మా. వసకొమ్ము ఎందుకు పనికొస్తాదో నాకు తెలీదా?"

"తెలిస్తే మాట్లాడకుండా ఉండు. పచ్చి బాలింతను వదిలిపెట్టి బిడ్డను వీధిలోకి తీస్తారా ఎవురన్నా?"

"నేనూ వస్తా" అంది కోకిల.

ఇద్దరూ గది వైపు తిరిగారు. ఆరేళ్ళలో ఆ పిల్ల వాళ్ళ మాటకు అడ్డం వచ్చింది లేదు. గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. చెవుల్లో దూది పెట్టుకుని, తలకు గుడ్డ చుట్టుకుని, అప్పటికే తయారై ఉంది.

"నువ్వా? నలభై దినాలు గడప దాటకూడదు అమ్మాయి. గాలి సోకితే నిన్నెవురు చూస్తారు?"

"నాకేమైనా పరవాలేదు అత్తా. బిడ్డ పాలు తాగలే."

కమలాంబ ఒక్క క్షణం కోడలి మొహంలోకి చూసింది. తర్వాత లోపలికి పోయి తన ఉన్ని శాలువా తెచ్చి ఆమె భుజాల మీద కప్పింది. "నేను లేకుండా యాడికీ పోవద్దు. జట్కా పిలువు దామోదరం, సీక్రం" అంది.

జట్కా కదిలింది. గుర్రం అడుగు తప్పినప్పుడల్లా ముగ్గురి చేతులూ ఒకేసారి బిడ్డ మీదికి పోయాయి. బిడ్డ మాత్రం కుదుపుకు కూడా కన్ను తెరవలేదు.

*

డాక్టర్ అలమేలు వేపేరి వైపు పోయే దోవలో తన ఇంటి ముందు గదుల్లోనే వైద్యం చేస్తుంది. రాయపురంలో పుట్టి పెరిగిన తెలుగు మనిషి. రోగులతో ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడుతుంది, అందుకే జనం ఆమెకు అబద్ధాలు కొంచెం తక్కువ చెప్తారు. కోకిలకు రెండోసారి పోయినప్పుడు రక్తం ఆపింది ఆమే.

"నీకు పుట్టిందని విన్నా. సంతోషపడినా" అంటూనే బిడ్డను చేతుల్లోకి తీసుకుంది. తూకం వేసింది. కనురెప్పలు ఎత్తి టార్చి వేసింది. కడుపు నొక్కింది, మాడు తడిమింది. మడమ గట్టిగా గిల్లింది. బిడ్డ మూతి వంకర పెట్టింది, ఏడుపు రాబోయి ఆగిపోయింది.

"పుట్టినప్పుడు ఉండే తూకం కూడా లేదు ఇప్పుడు" అంది డాక్టరు. "ఎన్నాళ్ళ నుంచి ఇట్ల?"

"ఇయ్యాల పొద్దున్నించి ఇట్ల ఉండాది" అన్నాడు దామోదరం.

"మూడు నాలుగు దినాల నుంచి కొంచెం కొంచెం" అంది కోకిల.

దామోదరం భార్య వైపు తిరిగి చూశాడు.

"జ్వరం లేదు. కామెర్లు లేవు." డాక్టరు గ్లూకోజు నీళ్ళు చెంచాతో బిడ్డ పెదవుల మధ్య పోసింది. సగం మింగింది, సగం కారింది. బిడ్డను తిరిగి కోకిల ఒళ్ళో పెట్టింది. "నిజం చెప్పండి. తిట్టను. నిద్రపోతాదని అభిని, నల్లమందు ఏమన్నా నాకించినారా? పోయిన నెల ఇద్దరు బిడ్డలు వచ్చినారు అట్ల."

"అమ్మమ్మా, మా ఇంట్లో అట్లాంటి అలవాటు లేదు. మేము మందులోళ్ళం." కమలాంబ గొంతులో రోషం వచ్చింది. "నా చేతులు పడిపోనీ, పాలు తప్ప దాని నోట్లో ఏదీ పొయ్యలే. బిడ్డకేమీ పెట్టలేదు."

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. డాక్టరు నమ్మింది.

"సరి. తల్లికేం పెడతా ఉండారు?"

"లేహ్యం" అన్నాడు దామోదరం. అంగడి మనిషి కాబట్టి జాబితా దానంతటదే వచ్చేసింది. "శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, వాము, సుగంధిపాల వేరు, తాటిబెల్లం, నెయ్యి, నువ్వుల నూనె. అంతే. నెల తప్పినప్పుడు వాంతులకు రవ్వంత ఆకు కలిపింది అమ్మ. కానుపయినాక లేదు."

"ఏమాకు?"

"గంజాకు. శుద్ధి చేసిందే డాక్టరమ్మా. శుద్ధి చేస్తే మత్తుండదు."

"ఎవరు చెప్పినారు ఉండదని?"

మూడు తరాల్లో ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు.

"కానుపయినాక కూడా పెట్టినా" అంది కమలాంబ. గోడ వైపు చూస్తూ అంది. "పదకొండు దినాలు. నొప్పికి ఓర్చుకోలేకపోతా ఉణ్ణింది. పురుడు పొయినాక ఆపేసినా."

"అమ్మా" అన్నాడు దామోదరం.

డాక్టరు కుర్చీ ముందుకు లాక్కుంది. "ఇది మాత్రం ముగ్గురూ వినండి. అభిని తిన్న తల్లి పాలు తాగి మత్తులో పడిన బిడ్డల్ని నా కళ్ళతో చూసినా. గంజాయి పాలల్లో ఎంత దిగతాది, ఎన్నాళ్ళు ఉంటాదని నేను చదివిన పుస్తకాల్లో సరిగ్గా రాసి లేదు. తెలీనిదాన్ని తెలుసని చెప్పను. కానీ తల్లి తిన్నది పాలల్లోకి రాదనుకునేది శుద్ధ పొరపాటు. కడుపులో ఉన్నప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే."

కోకిల ఒళ్ళో ఉన్న బిడ్డను చూసింది. తడిసిన తన రవికను చూసింది. పొద్దున్నుంచీ మూడుసార్లు ఈ బిడ్డకు బలవంతంగా పట్టబోయింది ఆ మత్తునేనా అనుకుంది. ఆ ఆలోచన తట్టుకునే శక్తి ఆమెకు లేదు.

"ఆపి ఎన్నాళ్ళయింది?" అని డాక్టరు కమలాంబను అడిగింది.

"ఇయ్యాలకు ఏడు దినాలు."

"అది తినే రోజుల్లో బిడ్డ బాగా తాగేదా?"

"నిద్ర శానా పొయ్యేది. లేపితే తాగేది."

డాక్టరు మళ్ళీ బిడ్డ దగ్గరికి వచ్చింది. మెడ కింద చెయ్యి పెట్టి నెమ్మదిగా వంచి చూసింది. మొహంలో ఇంతకుముందు లేని గాబరా కనిపించింది. "అప్పుడు లేపితే తాగి, ఆపిన వారానికి లేపినా లేవడం లేదంటే అది ఆకు పని కాదు. ఆకైతే ఈపాటికి కొంచెమన్నా తగ్గుండాల. ఇది వేరే ఏదో. పసిబిడ్డల్లో మెదడు పొరలకు వాపొస్తే ఒక్కొక్కప్పుడు జ్వరం కూడా తెలీదు."

"అంటే?" అన్నాడు దామోదరం.

"పెద్దాసుపత్రికి పోవాల. ఇప్పుడే. చీటీ రాసిస్తా. వెన్నులో సూది వేసి నీళ్ళు తీసి చూస్తారు. ఇంత బిడ్డకు అది చెయ్యడం కష్టమే. అయినా ఆలస్యం చేసేదానికి లేదు." ఆమె చీటీ రాయడానికి లోపలి గదిలోకి పోయింది.

*

వరండాలో బల్ల మీద కోకిలా కమలాంబా కూర్చున్నారు. దామోదరం కూర్చోలేదు.

"నేనడిగినా నిన్ను" అన్నాడు తల్లితో. "కానుపయిన మర్నాడు అడిగినా. ఆకు కలపడం లేదు గదా అని. లేదన్నావు."

కమలాంబ చీర కొంగు సర్దుకుంది.

"నాతో అబద్ధం చెప్పినావు."

ఆమె కోడలి భుజం మీంచి జారిన శాలువా పైకి లాగింది.

"ఇద్దరు పొయినారు. ఈ ఒక్కటి నిలిచింది. దీన్ని కూడా..." వీధి వైపు తిరిగాడు. అసలు ఆ ఆకు ఇంటికి తెచ్చింది తనే అన్న సంగతి అతనికి గుర్తుంది. గుర్తుంది కాబట్టే అంత కోపం వచ్చింది. "రేపు పొద్దున నీ కూతురు చెంగమ్మ ఇంటికి పో. పెరంబూరులో అల్లుడు రైలుపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేస్తా ఉండాడు, నీకు లోటు లేదు. బిడ్డను ముట్టుకోబాకు ఇంక."

"సరి నాయనా" అంది కమలాంబ.

ఆ ఒక్క మాటే అంది. దామోదరం ఇంకా ఏదో వస్తుందని ఎదురుచూశాడు. ఎప్పుడూ ఒకటికి పది చెప్పే మనిషి. ఏమీ రాకపోయేసరికి జట్కావాణ్ణి ఆపుదామని మెట్లు దిగి గేటు దాకా పోయాడు.

అతను అటు పోగానే కమలాంబ కోడలి వైపు జరిగింది. గొంతు బాగా తగ్గించింది.

"నువ్వు నోరు తెరవబాకు."

కోకిల తలెత్తింది.

"జాడీలో తగ్గతా ఉండేది నాకు తెల్సు. మూడో దినమే చూసినా. ఎలకలు లేహ్యం తినవు."

"అత్తా..."

"తీసి పారేద్దామనుకున్నా. మళ్ళీ నిన్ను చూస్తే మనసు రాలే. తిన్నాక ఒక గంట నవ్వు మొహంతో ఉంటావు. ఆరేళ్ళల్లో నువ్వు నవ్వింది ఎన్ని తూర్లు? పోనీలే, నెల తిరిగితే అదే మానేస్తాదనుకున్నా." కమలాంబ కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది. "నాకేమి, ముసలిదాన్ని. వాడు రేపు తిడతాడు, ఎల్లుండి వచ్చి పిలుచుకుపోతాడు. నిన్నంటే అట్ల కాదు. దొంగతనంగా గంజాయి తినే కోడలని ఒక తూరి పేరొస్తే చచ్చేదాకా పోదు. బిడ్డను నీ చేతికియ్యరు."

"సూది వేస్తారంట అత్తా. వెన్నులో."

"వేస్తే వెయ్యనీ. సూదే గదా. చూసి ఏమీ లేదని పంపించేస్తారు."

కమలాంబకు లోకంలో తెలియనివి తక్కువ. ఆ తక్కువలో పద్ధెనిమిది రోజుల బిడ్డ వెన్నులో దిగే సూది ఒకటి. ప్రేమతోనే చెప్పింది. ఆకు కలిపింది కూడా ఆ ప్రేమతోనే.

కోకిల బిడ్డ వీపు మీద చెయ్యి వేసింది. ఆ వీపు మొత్తం ఆమె అరచేతిలో సరిపోయింది. మధ్యలో వెన్ను పూసలు వరసగా వేలికి తగిలాయి. చెబితే ఈ బిడ్డ తనకు దక్కదేమో. భర్త తన మొహం చూడడేమో. చెప్పకపోతే అత్త పెరంబూరు పోతుంది, బిడ్డ పెద్దాసుపత్రికి పోతుంది, తప్పు చేసిన మనిషి మాత్రం శాలువా కప్పుకుని ఇంట్లో కూర్చుంటుంది. ఆమెకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా భయం పట్టుకుంది. ఇన్నాళ్ళూ ఆ భయాన్ని ఎట్లా దింపుకుందో ఆ దారి ఇప్పుడు లేదు.

లేచి నిలబడింది. కమలాంబ ఆమె చెయ్యి పట్టుకుంది.

"వద్దు అమ్మాయి."

"వదులు అత్తా."

*

డాక్టరు సంతకం పెడుతోంది. గుమ్మంలో కోకిల, ఆమె వెనక కమలాంబ, గేటు దగ్గర నుంచి పరిగెత్తుకుంటూ వచ్చిన దామోదరం, అందరినీ చూసి కలం ఆపింది.

"ఆకు ఆగలేదు డాక్టరమ్మా" అంది కోకిల.

డాక్టరు కలం కింద పెట్టింది.

"అత్త ఆపేసింది. ఆమె చెప్పింది నిజమే. నేను ఆపలే. జాడీ గూట్లోనే ఉణ్ణింది. అత్త అంగడికి పొయ్యేటప్పుడు తీసుకుని తింటా ఉండా. దినమూ."

"దీనికి మతి లేదు డాక్టరమ్మా" అని కమలాంబ అందుకుంది. "నన్ను కాపాడాలని అట్ల చెప్తా ఉండాది. బాలింత మాట..."

"నువ్వూరికే ఉండు అత్తా." కోకిల ఆగలేదు. "మొదట రవ్వంత తింటి. ఇప్పుడు అత్త పెట్టేదాని కంటే పెద్ద ఉండ తింటా ఉండా. నిద్ర రాదు నాకు. బిడ్డ ఊపిరి ఆగిపోతాదని భయం. అది తింటే భయం పోతాది."

దామోదరం గోడకు ఆనుకున్నాడు. కోపం వస్తుందనుకున్నాడు, రాలేదు. రాత్రుళ్ళు తన పక్కగదిలో ఈ పిల్ల ఒంటరిగా కూర్చుని ఊపిరులు లెక్కపెట్టుకుంటుంటే తాను హాయిగా నిద్రపోయాడన్నదొక్కటే తోచింది. ఆ తర్వాత తల్లి మొహం కనపడింది, కాసేపటి క్రితం తానన్న మాటలు గుర్తొచ్చాయి, చూపు తిప్పుకున్నాడు.

డాక్టరు లేచి వచ్చి కోకిలను కుర్చీలో కూర్చోబెట్టింది. తిట్టలేదు. "చివరగా ఎప్పుడు తిన్నావు?" అని అడిగింది.

కోకిల తల వంచుకుంది.

"ఇయ్యాల."

"ఎప్పుడు?"

"మధ్యాన్నం. అత్త క్యారియరు ఎత్తుకుపొయినాక. బిడ్డ లేవడం లేదని మునియక్క చెప్పింది గదా. భయమేసింది. యేం చెయ్యాలో తెలీలే. భయమేస్తే నేను అదే..."

మాట పూర్తి కాలేదు. కమలాంబ గుమ్మంలోనే నేల మీద కూలబడింది.

డాక్టరు బల్ల మీది చీటీ తీసి మడిచి జేబులో పెట్టుకుంది, చింపలేదు. "సాయంత్రం దాకా చూస్తా. బిడ్డ నా కళ్ళ ముందే ఉండాల. ఆవుపాలు పలచన చేసి చెంచాతో పోస్తాం. దీపాలు పెట్టే వేళకు ఏడిచి తాగితే సూది అక్కర్లేదు. లేదంటే పోవాల్సిందే, అప్పుడు ఎవరూ అడ్డం చెప్పకూడదు." కోకిల వైపు తిరిగింది. "నీ పాలు ఇప్పుడు వద్దు. పిండి పారబొయ్యి. నొప్పిగా ఉంటాది, ఓర్చుకో. కొన్నాళ్ళు పొయినాక మళ్ళీ నువ్వే ఇవ్వొచ్చు. నువ్వు చెడ్డదానివని ఎవరూ అనడం లే ఈడ."

దామోదరం ముందుకొచ్చి భార్య ఒళ్ళోంచి బిడ్డను తీసుకున్నాడు. ఆమె అడ్డం చెప్పలేదు. చేతులు మాత్రం బిడ్డ ఇంకా ఉన్నట్టే కాసేపు అట్లాగే ఉండిపోయాయి.

"కానీ ఒక్కటి" అంది డాక్టరు. "మళ్ళీ దాన్ని ముట్టకుండా ఉంటేనే. రేపు నిద్ర రాదు, ఒళ్ళు చిరచిరలాడతాది, భయం ఇప్పటికంటే ఎక్కువ పట్టుకుంటాది. ఉండగలవా?"

"ఉంటాది డాక్టరమ్మా" అన్నాడు దామోదరం. "ఇంటికి పోతానే ఆ జాడీ పగలగొట్టేస్తా."

"అంగట్లో ఎన్ని జాడీలుండాయి మీకు?" అని అడిగింది డాక్టరు. "అయినా నేనడిగింది మిమ్మల్ని కాదు."

ముగ్గురూ కోకిల వైపు చూశారు. ఉంటానని ఒక్క మాట అంటే చాలు. ఆ గదిలో అందరి గుండెలూ కుదుటపడతాయి, కమలాంబ నేల మీద నుంచి లేస్తుంది, దామోదరం బిడ్డను మళ్ళీ కోకిల చేతికిస్తాడు. ఆ మాట కోకిల నాలుక చివర దాకా వచ్చింది. ఇవాళ ఒక నిజం చెప్పాక ఇంకో అబద్ధం చెప్పడానికి ఆమెకు ఓపిక లేకపోయింది.

"తెలీదు డాక్టరమ్మా" అంది.